లాన్ మోవర్‌కి మైళ్ళుండవు, గంటలే

ఏప్రిల్ రెండో వారం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, మోవర్ స్టార్ట్ అవ్వట్లేదు. నవంబర్లో బాగానే ఉంది. షెడ్డులో పెట్టి తాళం వేశానంతే."

మేముండేది ఒహాయోలో, కొలంబస్ ఊరికి ఉత్తరాన. ఇటువైపు తెలుగువాళ్ళలో ఎకరం, ఎకరంన్నర స్థలంలో ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు చాలామందే ఉన్నారు. మే నెలలో ఒక్క వారం ఆగితే గడ్డి జానెడు లేస్తుంది. తోసుకుంటూ తిరిగే చిన్న మిషన్‌తో అయ్యే పని కాదు కాబట్టి అందరూ ఎక్కి కూర్చుని నడిపే మోవర్లే కొంటారు. రెండు వేల డాలర్ల పైన పెట్టి కొన్న ఆ బండి ఇంజన్‌కి ఏడాదికి ఒక పూట కేటాయించేవాళ్ళు మాత్రం తక్కువ. కారుకి ఇచ్చినట్టే "లైట్ వెలిగితే చూద్దాం" అనుకుంటారు. మోవర్లో ఆ లైట్ ఉండదు. చాలా మోడళ్ళలో ఆయిల్ అయిపోయినా చెప్పే ఏర్పాటు లేదు, వేడెక్కినా చెప్పే ఏర్పాటు లేదు. మనమే చూసుకోవాలి.

నా వాదన ఒక్కటే. ఈ ఇంజన్‌ని ఎవరికో అప్పగించి ఊరుకుంటే కుదరదు. రోజూ వాడే మనిషే దీన్ని చూసుకోవాలి. అందుకు మెకానిక్ కానక్కర్లేదు. నేను పొద్దున లేస్తే కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణే.

ముందు లెక్క చెప్తాను. మాది ఎకరంపావు. 42 అంగుళాల డెక్‌తో, అంటే బ్లేడ్లుండే అడుగు భాగంతో, ఒకసారి కోయడానికి గంటన్నర పడుతుంది. ఏప్రిల్ మధ్య నుంచి నవంబర్ మొదటి వారం దాకా, ఎండాకాలంలో గడ్డి పెరగని రెండు మూడు వారాలు తీసేసినా, 27, 28 సార్లు కోస్తాను. అంటే ఏడాదికి 40 గంటలు దాటుతుంది. 40 గంటలేగా అనిపిస్తుంది. కానీ గడ్డి కోసేటప్పుడు ఆ ఇంజన్ నిమిషానికి 3,300 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. కారులా సిగ్నల్ దగ్గర ఆగి ఊపిరి పీల్చుకోవడం లేదు. 50 గంటలు నడిస్తే ఇంజన్ లోపల తిరిగే ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్, దాదాపు కోటి చుట్లు తిరిగినట్టు. పైగా కారులో నాలుగైదు లీటర్ల ఆయిల్ ఉంటే ఇందులో సింగిల్ సిలిండర్ అయితే లీటరున్నర లోపే. కారు ఇంజన్‌కి నీళ్ళు, రేడియేటర్ ఉంటాయి. దీనికి గాలే దిక్కు. ఆ కొద్ది ఆయిలే అంత వేడినీ, అంత దుమ్మునీ మొయ్యాలి. కంపెనీలు 50 గంటలకో 100 గంటలకో, లేకపోతే ఏడాదికోసారో ఆయిల్ మార్చమని రాసేది అందుకే. కొత్త ఇంజన్‌కైతే చాలావాటికి మొదటి 5 గంటలకే మార్చమంటారు. లోపలి భాగాలు ఒకదానికొకటి రాసుకుని సర్దుకునేటప్పుడు రాలే లోహపు పొడి ఆ మొదటి ఆయిల్‌లోనే ఉంటుంది. ఈ ఐదు గంటల మార్పు చేశామన్నవాళ్ళు మా స్నేహితుల్లో ఇద్దరే కనిపించారు నాకు.

గంటల లెక్క నాకు కొత్త కాదు. ప్రకాశం జిల్లాలో మా నాన్నకి బావి దగ్గర 5 హార్స్‌పవర్ కిర్లోస్కర్ ఆయిలింజను ఉండేది. ఎన్ని గంటలు నడిచిందో షెడ్డు గోడ మీద బొగ్గుతో గీతలు గీసేవాడు. గీతలు ఒక వరస నిండితే ఆయిల్ మార్చాల్సిందే, ఆ రోజు ఎంత పనున్నా సరే. డీజిల్ పోసేటప్పుడు గరాటు మీద పాత పంచె గుడ్డ మడతపెట్టి వడపోసేవాడు. ఇంజన్ పాడైతే ఒంగోలు నుంచి మేస్త్రీ వచ్చేదాకా మిరప తోట ఆగదు కదా. నాకు ఇక్కడ ఎండిపోయే తోట లేదు. అందుకే నేను మొదట్లో నిర్లక్ష్యం చేశాననుకుంటాను.

నా మొదటి మోవర్ సెకండ్‌హ్యాండ్‌ది. మూడేళ్ళు నడిపాను. ఆయిల్ మార్చాను, స్పార్క్ ప్లగ్ మార్చాను, అన్నీ చేస్తున్నాననే నమ్మకంతో ఉన్నాను. మూడో ఏడు జూలైలో, మంచి ఎండలో, కోస్తుండగా వెనక నుంచి తెల్లటి పొగ కమ్మింది. ఆపి చూస్తే గాలి ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ముద్దయింది. దగ్గర్లోని ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే విప్పకుండానే "ఇంజన్ పోయింది, కొత్త మోవర్ కొనుక్కోండి" అన్నారు. ఇంటికి తెచ్చుకుని నేనే ఇంజన్ పైనుండే కవర్ తీశాను. ఇంజన్‌తో పాటే తిరిగే ఫ్లైవీల్ చక్రం మీద ఫ్యాన్ ఉంటుంది, అది పీల్చిన గాలిని సిలిండర్ చుట్టూ ఉండే అల్యూమినియం రెక్కల మధ్య నుంచి పంపడానికే ఆ కవర్. తీసి చూస్తే అక్కడ రెక్కలే కనపడలేదు. ఎండుగడ్డి, దాని మీద ఆయిల్ జిడ్డు, దాని మీద దుమ్ము, అన్నీ కలిసి పిడకలా గట్టిపడిపోయాయి. ఒక మూల ఎలుక గూడు. ఇన్సులేషన్ దూది, చిరిగిన కాగితం ముక్కలు తెచ్చి మెత్తగా పరుచుకుంది. ఒక వైపు మొత్తం గాలి ఆడక, సిలిండర్‌కీ దాని మూతకీ (హెడ్) మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. సరిగ్గా వాల్వుల్ని తెరిచే పుష్‌రాడ్లు ఉండే గది వైపు పగిలింది. సిలిండర్లో పేలిన గ్యాసు ఆ సందులోంచి అడుగున ఆయిలుండే క్రాంక్‌కేస్‌లోకి పోయి, లోపల ప్రెషర్ పెరిగి, ఆ ప్రెషర్‌కి ఆయిల్ బ్రీదర్ గొట్టంలోంచి గాలి ఫిల్టర్‌లోకి తన్నుకొచ్చింది.

గ్యాస్కెట్ ఖరీదు ఎక్కువేం కాదు. కానీ అప్పటికే హెడ్ వంగింది, సిలిండర్ గోడ మీద గీతలు పడ్డాయి. ఆ ఇంజన్‌ని బతికించలేకపోయాను. కవర్‌కి నాలుగైదు బోల్టులు. ఏడాదికోసారి ఒక పానా పట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చుని ఉంటే సరిపోయేది. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అందుకే ఎవరైనా ఫోన్ చేసి "సర్వీసింగ్ చేయించాను, ఆయిలు, ప్లగ్గు, ఫిల్టరు అన్నీ మార్చారు" అంటే నేను వెంటనే అడిగేది, "కవర్ విప్పి రెక్కలు శుభ్రం చేశారా?" అని. చాలాసార్లు అవతలి వైపు మౌనమే. వసంతకాలంలో షాపుల్లో మూడేసి వారాల క్యూ ఉంటుంది. ప్యాకేజీలో రాసింది చేసి పంపిస్తారు. వాళ్ళ మీద కోపం లేదు నాకు, మనం అడగంది వాళ్ళు చేయరు. అడగాలంటే ముందు మనకి తెలియాలి.

ఇదే గాలి గురించి ఇంకో మాట. ఇంజన్‌కి శ్రమ తగ్గుతుందని సగం థ్రాటిల్ మీద, అంటే ఇంజన్ వేగం సగానికి తగ్గించి, కోసేవాళ్ళని చూశాను. "మెల్లగా నడిపితే ఎక్కువ కాలం వస్తుంది కదన్నా" అంటారు. ఈ ఇంజన్ విషయంలో అది పూర్తిగా తప్పు. ఫ్యాన్ ఫ్లైవీల్‌కే బిగించి ఉంది కాబట్టి చుట్లు తగ్గితే గాలి తగ్గుతుంది. బ్లేడ్లు గడ్డిని కోసే బరువు మాత్రం తగ్గదు. వేడి పుడుతూనే ఉంటుంది, పోయే దారి తగ్గుతుంది. గడ్డి కూడా సరిగా తెగక చివర్లు చీలి రెండు రోజుల్లో తెల్లబడతాయి. కోసేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా పైకి ఉండాలి. వేగం తగ్గించాలనుకుంటే బండి వేగం తగ్గించుకోవాలి, ఇంజన్ వేగం కాదు. పని అయ్యాక మాత్రం బ్లేడ్లు ఆపేసి, కాసేపు బరువు లేకుండా నడిపి, అప్పుడు కట్టేస్తాను.

పెట్రోలు సంగతికొస్తాను, ఏప్రిల్ ఫోన్లలో ఎక్కువ భాగం దీనివే కాబట్టి. ఇక్కడ బంకుల్లో మామూలుగా దొరికేది ఈ10, అంటే అందులో 10 శాతం దాకా ఇథనాల్. ఇథనాల్‌కి గాల్లోని తేమని పీల్చుకునే గుణం ఉంది. చలికాలమంతా సగం ట్యాంకుతో వదిలేస్తే నీరు చేరుతుంది, ఒక స్థాయి దాటాక నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుగుకి దిగుతాయి. పెట్రోల్లోని తేలిక భాగాలు ఆవిరైపోయి మిగిలింది జిగురుగా మారుతుంది. పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ గిన్నెలో ఉన్న ఆ రెండు చెంచాల పెట్రోలు ఎండి, వెంట్రుకంత సన్నటి జెట్ రంధ్రాన్ని మూసేస్తుంది. ఒక స్నేహితుడి మోవర్ కార్బొరేటర్ గిన్నె విప్పినప్పుడు అడుగున బెల్లం పాకం రంగులో పొర, అంచుల్లో అల్యూమినియం తిన్న తెల్ల పొడి కనిపించాయి. వాసన పెట్రోలుది కాదు, పాత వార్నిష్‌ది.

దీనికి మందు నవంబర్లోనే వెయ్యాలి, ఏప్రిల్లో కాదు. తాజా పెట్రోల్లో అది పాడవకుండా కాపాడే స్టెబిలైజర్ మందు కలిపి, ఇంజన్‌ని పది నిమిషాలు నడపాలి. కలిపి ఊరుకుంటే ట్యాంకులో ఉన్నది బాగుంటుంది, కార్బొరేటర్లో ఉన్నది పాతదే ఉంటుంది. నడిపితేనే మందు అక్కడిదాకా వెళ్తుంది. సీజన్లో కూడా నెల రోజులకి సరిపడా పెట్రోలే తెచ్చుకుంటాను, డబ్బా మీద టేపు వేసి తారీఖు రాస్తాను. ఇంకొకటి, కొన్ని బంకుల్లో ఈ15 కాస్త చవకగా దొరుకుతుంది. 2001, ఆ తర్వాతి మోడల్ కార్లకి అది పనికొస్తుంది. మోవర్లకి, పడవలకి, ఇలాంటి చిన్న ఇంజన్లకి వాడకూడదని పంపు మీద అతికించిన లేబుల్ మీదే రాసి ఉంటుంది. పది సెంట్ల కోసం అది పోయొద్దు. ఇథనాల్ లేని పెట్రోలు దొరికే బంకు దగ్గర్లో ఉంటే చలికాలం ముందు చివరి ట్యాంకుకైనా అది పోసుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన విషయం. ప్రస్తుతం నా దగ్గరున్న మోవర్ సింగిల్ సిలిండర్, ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్‌ది. నాలుగో ఏడు ఏప్రిల్లో తాళం తిప్పితే స్టార్టర్ అర చుట్టు తిప్పి "ఘుక్" మని ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అదే. బ్యాటరీ అనుకుని కొత్తది కొన్నాను. అదే తీరు. స్టార్టర్ మోటర్ పోయి ఉంటుందన్నారు తెలిసినవాళ్ళు. దాన్ని కూడా ఆర్డర్ చేసేవాణ్ణే. కానీ ఆ రాత్రి పడుకున్నప్పుడు ఆ శబ్దం చెవిలో తిరుగుతుంటే నాన్న ఆయిలింజను గుర్తొచ్చింది.

దాన్ని హ్యాండిల్‌తో చేత్తో తిప్పి స్టార్ట్ చేసేవాళ్ళు. నేరుగా తిప్పితే ఎంత బలమైనవాడికీ సాధ్యం కాదు, పిస్టన్ గాలిని నొక్కే చోట ఆగిపోతుంది. అందుకని పైన ఒక చిన్న లివర్ ఉండేది. దాన్ని ఎత్తి పట్టుకుంటే వాల్వ్ కొద్దిగా తెరుచుకుని లోపలి గాలి బయటికి పోతుంది, ఫ్లైవీల్ తేలిగ్గా తిరుగుతుంది. నాన్న గబగబా తిప్పి, వేగం అందుకోగానే లివర్ వదిలేవాడు. డుబ్ మని ఒక్కసారి దగ్గి ఇంజన్ అందుకునేది. నా పదేళ్ళ వయసులో ఆ లివర్ పట్టుకునే పని నాది. ఎప్పుడు వదలాలో నాన్న కళ్ళతోనే చెప్పేవాడు.

మోవర్ ఇంజన్లో కూడా ఆ లివర్ ఉంది, కాకపోతే మన చేతికి అందదు. వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ అనే ఇరుసు మీద ఒక చిన్న ఎత్తు ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు అది ఒక వాల్వ్‌ని కాగితం మందంలో ఎత్తి పట్టుకుని ప్రెషర్ తగ్గిస్తుంది. ఇంజన్ వేగం అందుకోగానే దాని పని అయిపోతుంది. ఆ ఎత్తు మరీ చిన్నది. వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు అరుగుదలతో పెరిగిపోతే, ఆ చిన్న ఎత్తు సందులోనే వృథా అయిపోతుంది, వాల్వ్ కదలదు. అప్పుడు స్టార్టర్ పూర్తి ప్రెషర్‌కి ఎదురు తిప్పాల్సి వచ్చి ఆగిపోతుంది. బ్యాటరీది, స్టార్టర్‌ది తప్పేమీ లేదు. మన మెకానిక్కులు ట్యాపెట్ సెట్టింగ్ అనేది ఇదే.

పొద్దున్నే ప్లగ్ విప్పాను. వాల్వ్ కవర్ నాలుగు బోల్టులు తీశాను. ప్లగ్ రంధ్రంలో ఒక ప్లాస్టిక్ స్ట్రా పెట్టి, ఫ్లైవీల్‌ని పైనుంచి చేత్తో మెల్లగా తిప్పుతుంటే పిస్టన్ స్ట్రాని బయటికి తోసింది. రెండు వాల్వులూ మూసుకుని, పిస్టన్ చివరి అంచుకి వచ్చాక, స్ట్రా మళ్ళీ పావు అంగుళం లోపలికి వెళ్ళేదాకా తిప్పాను. ఆ పావు అంగుళం ముఖ్యం. సరిగ్గా అంచు దగ్గర కొలిస్తే క్యామ్ మీది ఆ ఎత్తు అడ్డొచ్చి లెక్క తప్పుతుంది. నా ఇంజన్‌కి ఇన్‌టేక్ వాల్వ్ సందు 0.003 నుంచి 0.005 అంగుళం, ఎగ్జాస్ట్‌కి 0.005 నుంచి 0.007 ఉండాలి. సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ పెడితే రెండూ ఉండాల్సినదానికి రెట్టింపు పైనే ఉన్నాయి. చిన్న నట్టు వదులు చేసి, గేజ్ రేకు సందులో పెట్టి, లాగితే కాస్త పట్టినట్టు కదిలేదాకా బిగించి, మళ్ళీ నట్టు బిగించి, ఇంకోసారి కొలిచాను. బిగించేటప్పుడు కొలత కాస్త మారుతుంది కాబట్టి రెండోసారి కొలవకుండా వదలకూడదు. కవర్ పెట్టి, ప్లగ్ పెట్టి, తాళం తిప్పాను. ఒక్క చుట్టుకే అందుకుంది. షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. ఆదివారం పొద్దున ఏడున్నర, ఒంగోల్లో సాయంత్రం ఐదు. నాన్నకి ఫోన్ చేసి ఆ చప్పుడు వినిపించాను.

ఆ తర్వాత రెండేళ్ళకోసారి ట్యాపెట్లు చూసుకుంటున్నాను. "కొత్త బ్యాటరీ వేసినా తిరగట్లేదన్నా" అన్న ముగ్గురి మోవర్లకి కూడా ఇదే తేలింది. అందులో ఒకాయన అప్పటికే స్టార్టర్ మార్పించాడు.

మిగతా పనుల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. కోయడానికి వెళ్ళే ప్రతిసారీ, బండి సమంగా ఉన్న నేల మీద, చల్లగా ఉన్నప్పుడు, ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ తీసి చూడాలి. తక్కువైతే పోయాలి, గీత దాటి పోయకూడదు, ఎక్కువైనా పొగే. మా ఒహాయో వేసవికి ఎస్‌ఏఈ 30 రకం ఆయిల్ సరిపోతుంది, ఏప్రిల్, నవంబర్ చలికి 10డబ్ల్యూ-30 మేలు, నేను ఈ గొడవ లేకుండా సింథటిక్ 5డబ్ల్యూ-30 వాడుతున్నాను. ప్లగ్ ఏడాదికోసారి, నా ఇంజన్‌కి గ్యాప్ 0.030 అంగుళం. గాలి ఫిల్టర్ మీదుండే ఫోమ్ తొడుగుని 25 గంటలకోసారి సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెడతాను. లోపలి కాగితం ఫిల్టర్‌ని మాత్రం కంప్రెసర్ గాలితో ఊదకండి, కంటికి కనపడని చిరుగులు పడి అందులోంచి దుమ్ము నేరుగా సిలిండర్లోకి పోతుంది. గట్టి నేల మీద మెల్లగా తట్టి, వెలుతురుకి పెట్టి చూసి, వెలుతురు రాకపోతే మార్చేయడమే. ఏ పని మొదలుపెట్టినా ముందు ప్లగ్ క్యాప్ పీకేయాలి. చేత్తో తిప్పినా అందుకోగల ఇంజన్ అది, కింద బ్లేడ్లున్నాయి. వాడిన ఆయిల్‌ని కారు విడిభాగాల షాపులు చాలావరకు ఉచితంగానే తీసుకుంటాయి. పెరట్లో మాత్రం పారబోయకండి. మాలాగా బావి నీళ్ళు తాగే ఇళ్ళు చుట్టుపక్కల ఉంటే మరీను.

ఒక మిత్రుడు నాతో గట్టిగానే వాదించాడు. "నీ గంటకి ఆఫీసులో ఎంతిస్తారో లెక్క వేసుకో. ఆ ఆయిల్ మార్చే గంటకంటే షాపువాడికిచ్చేదే చవక." ఆ లెక్క తప్పని నేననను. కానీ షాపువాడు ఏడాదికి ఒక్కసారి ఆ ఇంజన్‌ని చూస్తాడు. ప్రతి శనివారం దాని మీద కూర్చునేది నేను. చప్పుడు మారితే, ఎండు గడ్డి గాలి పీల్చే జాలీ మీద చేరితే, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పోయిన వారం కంటే వేలెడు తగ్గితే, తెలిసేది నాకే. నాకు అర్థం తెలియకపోతే ఆ సంకేతాలన్నీ ఉన్నా లేనట్టే. ఇంకో మిత్రుడు బ్యాటరీ మోవర్ కొనుక్కోమన్నాడు. అరెకరం స్థలముండి కొత్తగా కొనేవాళ్ళకి నేనూ అదే చెప్తాను. కాలిఫోర్నియాలో 2024 మోడళ్ళ నుంచి కొత్తగా వచ్చే మోవర్లకి పొగ ఉండకూడదనే నియమం కూడా వచ్చింది. కానీ మన షెడ్లలో ఇప్పటికే ఉన్న ఇంజన్లు రేపే మాయమైపోవు. బాగా చూసుకున్న ఇంజన్ పదిహేనేళ్ళు నడుస్తుంది. చూసుకోనిది ఐదేళ్ళకే ఇనప సామాన్లకి పోయి, దాని బదులు ఇంకోటి తయారవుతుంది. పర్యావరణం మీద ప్రేమున్నవాళ్ళు కూడా ఈ లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం.

నా మోవర్‌కి గంటల మీటర్ రాలేదు. ప్లగ్ వైరుకి నాలుగు చుట్లు చుట్టి పెట్టుకునే చిన్న మీటర్ ఒకటి కొని తగిలించాను. బానెట్ లోపలి వైపు పర్మనెంట్ మార్కర్‌తో తారీఖు, గంటలు, ఏం చేశానో రాస్తాను. పోయిన నవంబర్ 9న చివరి కోత అయింది. ఇంజన్ వేడిగా ఉండగానే ఆయిల్ దింపాను, ఫిల్టర్ మార్చాను, కవర్ విప్పి రెక్కల మధ్య పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేశాను, బ్యాటరీ విప్పి లోపలికి తెచ్చాను. మా అమ్మాయి టార్చ్ పట్టుకుంది. బానెట్ మీద రాసేది ఈసారి తనే రాసింది: 318 గంటలు, ఆయిల్, ఫిల్టర్, రెక్కలు శుభ్రం. ట్యాపెట్లు వచ్చే ఏడాది.